సాయంత్రానికి లేచే గోడ

"ఆవిడకి చెప్పు, సంతకం పెట్టడానికే నిశ్చయించుకున్నానని," అన్నాడు మామగారు.

ఆవిడ అంటే కోడలు. అదే మంచం రెండో కొసన కూర్చుని ఉంది. ఆయన మాట ఆమె చెవిన పడటానికి మధ్యవర్తి అక్కర్లేదు. అయినా ఇల్లు ఖాళీ చేసి ఈ లాడ్జీకి వచ్చిన దగ్గర్నుంచీ మామగారు కోడలితో అనదల్చుకున్నదంతా భార్యకే చెబుతున్నాడు. అత్తగారేమో విన్నది విన్నట్టు దిగమింగి ఊరుకుంటోంది.

"మామయ్యా, ఈ పూటకి ఆగండి," అంది కోడలు. "చీఫింజనీరుగారు సాయంత్రం దాకా టైమిచ్చారు కదా. ఆ కొలతల్లో ఏదో తిరకాసు ఉంది. నాకు నమ్మకం కుదరడం లేదు."

మామగారు గోడకేసి చూసి నవ్వాడు. "విన్నావుటే? మన గోడ కుంగుతుంటే ఆవిడకి నమ్మకం కుదరడం లేదట. కొలత ఎప్పుడూ అబద్ధం చెప్పదని వీధి వీధంతటికీ పాఠం చెప్పిందెవరో అడుగు."

అత్తగారు అడగలేదు. స్నానాల గది గుమ్మంలో నిలబడి, చేతిలోని తడి చొక్కాను నీళ్ళోడ్చి పిండింది.

ఆయనన్నది అబద్ధం కాదు. కోడలి బాధ కూడా అదే. మెట్రో సొరంగం తమ కిందుగా పోతుందని తెలిసినప్పుడు వీధిలో సగం మంది ఇళ్ళు అమ్ముకుని పోదామనుకున్నారు. ఆ మెట్రోలోనే కొలతల పని చూసే ఇంజనీరు ఆమె. ఇంటింటికీ తిరిగి, ఎవరి గోడైనా బీటవారితే తనని నిలదీయమని మాటిచ్చింది. అప్పుడే వీధి ఆమెకు కొలతలమ్మ అని పేరు పెట్టింది. భూమిని తొలుచుకుంటూ వచ్చే యంత్రానికి పందికొక్కు అని పేరు పెట్టిందీ ఆ వీధే. పేర్లు పెట్టడంలో ఆ వీధి చేతికి ఎముక లేదు.

ఇన్ని ఇళ్ళ కిందుగా పిల్లిలా వచ్చిన పందికొక్కు, తీరా కొలతలమ్మ అత్తవారిల్లు దగ్గరపడగానే ఆగిపోయింది. ఇంటి ముందు గోడ కుంగుతోందని కొలత చెప్పింది. కింద మామగారి లాండ్రీ, పైన కాపురం. రెండూ ఉన్నఫళంగా ఖాళీ చేయించి, ఆ చుట్టుపక్కల వాళ్ళందరితో కలిపి లాడ్జీలో దించారు.

ఇక మెట్రోవాళ్ళు ఒక కాగితం తెచ్చారు. ఇల్లు తమకు అప్పగించేస్తే పడగొట్టి, మట్టి గట్టిపరుచుకుని ముందుకు పోతారు. బదులుగా లైను చివర, కొత్త అపార్టుమెంటులో ఒక ఇల్లు ఇస్తారు, లాండ్రీకి చోటు మాత్రం ఉండదు. ఒప్పుకోకపోతే గోడకు ఆసరాలు కట్టి యంత్రాన్ని నడుపుతారు గానీ, ఇల్లు నిలుస్తుందని పూచీ పడరు. ఏ సంగతైనా ఈ సాయంత్రంలోగా చెప్పాలి.

"లోపలి గోడల మీద పాత బీటలకు గాజుముక్కలు అతికించాం, గుర్తుందా మామయ్యా? గోడ కదిలితే ముందు అవి పగలాలి. మనం వచ్చేసిన రోజు వరకూ ఒక్కటీ పగల్లేదు."

"గాజుముక్కలు పగిలేదాకా కూర్చుంటే తలకాయలు పగులుతాయని చెప్పు."

"ఇంకోటి కూడా ఉంది. మనం అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ గోడ పొద్దున కుంగేది, సాయంత్రానికి మళ్ళీ కాస్త పైకొచ్చేది. కుంగిన గోడ ఎక్కడైనా లేస్తుందా?"

"ఆ ముక్క వాళ్ళ ఆఫీసులో చెప్పుకోమను."

చెప్పుకుంది. ఎండకు ఇటుక వ్యాకోచిస్తుంది, అందువల్ల అయ్యుంటుందిలే అన్నారు. ఆ పైన చీఫింజనీరు కళ్ళజోడు తీసి, "చూడమ్మా, అది మీ ఇల్లు. మమకారం ఉంటుంది. ఈ ఒక్క గోడ సంగతి మాకు వదిలెయ్యండి," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఆమెకు రెండు చోట్లా ఓటమే మిగిలింది.

అంతలో ఆమె భర్త టీ ఫ్లాస్కుతో వచ్చాడు. ఇప్పుడు లాండ్రీ నడిపేది అతనే. మిషన్లు, కౌంటరు, బట్టలు అప్పగించడం అన్నీ అతని చేతిమీదుగానే జరుగుతాయి. ఇంట్లో తగువు జరిగినప్పుడల్లా అతను రెండు పక్షాలకూ టీ అందిస్తాడు. ఇప్పుడూ అదే చేశాడు.

"హాస్టలు మేనేజరు మళ్ళీ ఫోన్ చేశాడు," అన్నాడు తల్లికి గ్లాసు ఇస్తూ. "ఉతకడానికిచ్చిన దుప్పట్లు ఎప్పుడిస్తారని. మన వాకిట్లోనే వేలాడుతున్నాయి, వెళ్ళి తీసుకోవయ్యా అన్నాను. పిల్లలు చలికి వణుకుతున్నారట."

దుప్పట్ల మాట వినగానే అత్తగారి చేతిలో గ్లాసు ఒరిగి టీ వేళ్ళ మీద పడింది. కాలిందేమోనని కొడుకు చెయ్యి పట్టుకుని చూశాడు. ఆవిడ చెయ్యి లాక్కుని స్నానాల గదిలోకి వెళ్ళిపోయింది.

"మీ అమ్మకి ఏమైందిరా?" అన్నాడు మామగారు. "ఇల్లు వదిలిన దగ్గర్నుంచీ నోట మాటే లేదు. నేను ఇన్ని అంటున్నాను, ఎదురు ఒక్కటీ అనలేదు. నాకు భయంగా ఉంది."

ఆయన భయం నిజమే. ఆవిడ ఎదురు చెప్పకపోవడం ఆ ఇంట్లో గోడ కుంగడం కంటే పెద్ద వింత.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ఎదురింటి టైలరు. ఆయన కుటుంబాన్ని కూడా ఇదే వరండాలో చివరి గదిలో దించారు.

"అన్నయ్యా, బయల్దేరదామా?" అన్నాడు మామగారితో. తర్వాత కోడలికేసి తిరిగాడు. "కొలతలమ్మా, నీ మీద కోపం లేదమ్మా. కానీ మీ ఇల్లే నిలవనప్పుడు మా ఇల్లు నిలుస్తుందని ఏ మొహంతో నమ్మమంటావు? మీ మామగారు సంతకం పెడితే ఆ వరసలో మేమంతా మా ఇళ్ళు రాసిచ్చేస్తాం."

మామగారు చెప్పులు తొడుక్కున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, మూడు కాళ్ళతోనే దాన్ని సైటు ఆఫీసు దాకా నడిపించగలడు. గుమ్మం దాటుతూ భార్య వైపు చూశాడు. ఆవిడ స్నానాల గదిలోంచి బయటికి రాలేదు.

ఆయన వెళ్ళాక కోడలు అలాగే కూర్చుండిపోయింది. వీధికి ఇచ్చిన మాట పోయింది, సరే. ఇల్లు పోతే, ఈ ముసలివాళ్ళిద్దరూ ఏ తెలియని అపార్టుమెంటులోనో కిటికీ పక్కన కూర్చుని తనని ఒక్క మాటా అనకుండా చూస్తారు.

"కాస్త తప్పుకో అమ్మా," అంటూ అత్తగారు చొక్కా పట్టుకుని వచ్చింది. ఇల్లు వదిలాక ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే.

ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. వచ్చిన పూటే గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు తాడు కట్టేసింది. ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస ట్యూబులైటు బిగించిన ఇనుప పట్టీకి. కొక్కెంలాంటిది కంటబడితే లాండ్రీవాళ్ళ చేతులు ఆగవు. తండ్రీ కొడుకులూ అంతే, అంతా ఒకే తాను గుడ్డలు. ఇంట్లో కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు గోడకు గొడుగు తగిలించుకుందామని మేకు కొడితే, తెల్లారేసరికి దానికి తాడు ఉంది.

అత్తగారు నీళ్ళోడుతున్న చొక్కాను తాడు మీద వేసింది. పక్కన మామగారి పంచె, లాడ్జీ వాళ్ళ తువ్వాళ్ళు రెండు అప్పటికే ఉన్నాయి. అడిగినవాళ్ళు లేకపోయినా లాడ్జీ తువ్వాళ్ళు కూడా ఉతికేసింది.

తాడు సాగింది. ట్యూబులైటు అటువైపు కొస కిందికి వంగింది.

కోడలు ఆ లైటుకేసి చూసింది. లైటు వంకరగా ఉంది. గోడ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆమె లేచి నిలబడింది. తాడు మీది బట్టలన్నీ రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. లైటు కొస కాస్త పైకి లేచింది. బట్టలు వదిలింది. కొస దిగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ వదిలింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు భర్త.

"అత్తయ్యా," అంది కోడలు. "ఇంటి దగ్గర, హాస్టలు దుప్పట్లు ఆరేసిన తాడు... దాని రెండో కొస దేనికి కట్టారు?"

అత్తగారు మంచం మీద కూలబడింది. కొంగులో మొహం దాచుకుంది.

"అడుగుతావని తెలుసు," అంది కొంగు చాటునుంచే. "అడిగేదాకా చెప్పే ధైర్యం లేకపోయింది. నేనేం చెయ్యను తల్లీ? డాబా మీద బరువులు పెట్టొద్దన్నావు. అక్కడ ఆరెయ్యొద్దన్నావు. నువ్వన్నావంటే ఇంజనీరువి, ఊరికే అనవు కదా. ముందు గోడకి మీ వాళ్ళు ఇనుప పట్టీ ఒకటి బిగించి, దానికి అద్దంలాంటి బిళ్ళ పెట్టి వెళ్ళారు చూడు. గట్టిగా ఉందనిపించింది. దానికి కట్టాను."

"ఆ అద్దానికా?"

"అద్దానికి కాదమ్మా, అద్దానికి కట్టేంత తెలివితక్కువదాన్నా? దాని పట్టీకి." ఇప్పుడు ఏడుపు ఆగలేదు ఆవిడకి. "తడిసిన దుప్పట్లు, ఒక్కొక్కటీ గంగిరెద్దంత బరువు. గోడ కుంగిందని వాళ్ళు చెప్పిన రోజే నాకు తెలుసు, అది నేను వేలాడదీసిన బరువుకేనని. ఇంటిని నేనే కూల్చుకున్నాను. ఆయనకి ఏ మొహంతో చెప్పను?"

కోడలు ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"అత్తయ్యా, దుప్పట్లకి గోడలు కుంగుతాయా? వీధి అవతల స్తంభం మీద కొలతలు తీసే మిషను ఉంది కదా, అది గోడని చూడదు. ఆ అద్దాన్ని చూస్తుంది. అద్దం కిందికి దిగితే గోడ దిగిందనుకుంటుంది. పొద్దున మీరు తడి దుప్పట్లు వేస్తారు, పట్టీ వంగుతుంది, అద్దం దిగుతుంది. సాయంత్రానికి దుప్పట్లు ఆరతాయి, బరువు తగ్గుతుంది, అద్దం లేస్తుంది. కుంగింది గోడ కాదు."

"అయితే ఇల్లు?"

"ఇల్లు రాయిలా ఉండుంటుంది."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది, అబద్ధం చెప్పి ఓదారుస్తోందేమోనన్నట్టు. తర్వాత ఒక్క నిట్టూర్పు విడిచింది. నాలుగు రోజులుగా ఆవిడ గుండెల మీద ఉన్న బండ దిగిన చప్పుడు అది.

"పట్టీ జారుతోందని అమ్మ అంటే, స్పానరు పెట్టి బిగించింది నేనే," అన్నాడు భర్త నెమ్మదిగా.

కోడలు మళ్ళీ ఆ లైటుకేసి చూసింది. రోజూ పొద్దున్నే ఆ దుప్పట్ల కిందుగా తలవంచుకుని డ్యూటీకి పోయింది తనే. డాబా మీద ఆరేయొద్దన్నదీ తనే. ఇక ఎవరిని అనాలి? తిలాపాపం తలా పిడికెడు.

"మామయ్య సంతకం," అంది హఠాత్తుగా.

ముగ్గురూ మెట్లు దిగి పరుగు తీశారు. అత్తగారు ముందుంది.

సైటు ఆఫీసంటే రేకుల గది. చీఫింజనీరు బల్ల వెనక, మామగారు బల్ల ముందు, టైలరు తలుపు దగ్గర. కాగితం బల్ల మీద ఉంది. పెన్ను మూత పెట్టి ఉంది.

కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు బల్ల దాకా వెళ్ళిపోయింది.

"సార్, మీ అద్దానికి దుప్పట్లు కట్టింది నేనండి."

చీఫింజనీరు ఆవిడని, ఆవిడ వెనక రొప్పుతున్న ఇద్దరినీ చూశాడు. "ఏ అద్దానికమ్మా?"

"మా గోడ మీదున్నదానికి. తప్పు నాది. మా కోడలికి ఇందులో ఏ పాపం తెలియదు. రోజూ ఆ దుప్పట్ల కిందనుంచే వంగి వెళ్ళేది గానీ, పాపం తల ఎత్తి చూడటానికి దానికి తీరికెక్కడిది?"

కోడలు కళ్ళు మూసుకుంది. కాపాడబోయి అత్తగారు తనని నిలువునా పట్టించేసింది. చీఫింజనీరు చూపు తన మీదికి తిరగడం కళ్ళు మూసుకున్నా తెలిసింది.

"నిజమేనా అమ్మా?"

"నిజమే సార్. నేను చూసుకోవాల్సింది."

"దాని సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నాడాయన. లేచి హెల్మెట్ తీసుకున్నాడు.

వీధి మొదట్లో కట్టిన రేకుల కంచె దగ్గర లాడ్జీలో ఉన్నవాళ్ళంతా పోగయ్యారు. వార్త వాళ్ళకంటే ముందే వచ్చింది. ఇంటి ముందు, వదిలిపోయిన నాటి నుంచీ ఎండి బిగుసుకుపోయిన దుప్పట్లు వరసగా వేలాడుతున్నాయి. లాండ్రీ ముందు దుప్పట్లుంటే ఎవరికి వింత? వాటిని ఇంజనీర్లు చూశారు, వీధి చూసింది, ఆ తాడు ఎక్కడికి పోతోందో మాత్రం ఎవరూ చూడలేదు.

గోడ అడుగున, నేల దగ్గర, పని మొదలుకాక ముందే బిగించిన ఇత్తడి మేకు ఒకటి ఉంది. గోడ దగ్గరికి మనిషిని పంపడం ప్రమాదమని ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఒక సర్వేయరు కొలకర్ర పట్టుకుని వెళ్ళి మేకు మీద నిలబెట్టాడు. ఇంకొకడు దూరం నుంచి కొలత మిషనులో చూశాడు. కోడలిని ముట్టుకోనివ్వలేదు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"పాత కొలతే సార్," అన్నాడు మిషను దగ్గరవాడు. "వెంట్రుకవాసి కూడా తేడా లేదు."

చీఫింజనీరు ఊరుకోలేదు. నమ్మకం కుదరాలంటే తనే చూడాలన్నాడు. కొళాయి దగ్గర ఒక దుప్పటి తడిపించి, దాన్ని తనే మోసుకెళ్ళి తాడు మీద వెయ్యబోయాడు. జీవితంలో ఎప్పుడూ బట్ట ఆరేసిన మనిషి కాదని దుప్పటి పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. సగం తాడు మీద, సగం ఆయన బూట్ల మీద పడింది.

"అంచులు కలపండి సార్," కంచె అవతలి నుంచి అత్తగారు చెప్పింది. "నీళ్ళు పిండకుండా వేస్తే ఎలా?"

"పిండకుండానే వెయ్యాలమ్మా," అన్నాడాయన దుప్పటి కిందినుంచి. "మీరు పొద్దున్నే వేసేంత తడి ఉండాలి."

"నేను పిండకుండా వేస్తానా? మా ఇంటా వంటా లేదు."

వీధి మొత్తం నవ్వింది. ఈ నాలుగు రోజుల్లో ఆ వీధి నవ్వడం అదే మొదలు.

దుప్పటి పడింది. మిషను దగ్గరవాడు అద్దం దిగిందన్నాడు. దుప్పటి తీశారు. లేచిందన్నాడు. చీఫింజనీరు మళ్ళీ వేయించాడు, మళ్ళీ తీయించాడు. ఇక చాలన్నట్టు నుదురు తుడుచుకుని, ఇత్తడి మేకువైపు వంగి చూసి, గోడ మీద అరచెయ్యి ఆనించాడు.

"గోడ బాగుంది," అన్నాడు గట్టిగా, అందరికీ వినపడేలా. "కొత్త అద్దం నేరుగా గోడలోకే బిగిస్తాం. రేపు యంత్రం కదులుతుంది. అది దాటిపోయేదాకా లాడ్జీలో ఓపిక పట్టండి. ఆ తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళండి."

టైలరు కోడలి తల మీద చెయ్యి పెట్టాడు. ఏదో అనబోయి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. కోడలికి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇచ్చిన మాట నిలబడింది, ఇల్లు నిలబడింది. ఇక ఆఫీసులో ఎన్ని చీవాట్లు పడినా పరవాలేదనిపించింది.

రేకుల గదికి తిరిగి వచ్చారు. బల్ల మీద కాగితం అలాగే ఉంది. కోడలు వంగి చూసింది. కింద మామగారి సంతకం ఉంది.

ఆమె వేలు ఆ సంతకం మీదే ఆగిపోయింది.

"మీరు రాకముందే పెట్టేశారు," అన్నాడు చీఫింజనీరు. "కంగారు పడకండి. నేనింకా పెట్టలేదు. చించెయ్యమంటే ఇప్పుడే చించేస్తాను."

"చించెయ్యండి సార్," అంది కోడలు.

"ఆగమ్మాయ్," అన్నాడు మామగారు.

నేరుగా ఆమెతోనే అన్నాడు. ఆ సంగతి అందరికంటే ముందు అత్తగారే గమనించింది.

"సార్, ఒక్కమాట. ఇల్లు బాగుంది కదా, మరి ఇంకా మీకు ఈ కాగితంతో పనుందా?"

చీఫింజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు. "పనుంటుంది. అసలు మొదటి ప్లానులో స్టేషను మెట్లు మీ స్థలంలోకే వచ్చేవి. మీ కోడలుగారు నెలల తరబడి మాతో పోట్లాడి పక్కకు జరిపించారు. ఇరుకైనా సర్దుకున్నాం. మీరు ఇస్తానంటే తీసుకుంటాం. ఇవ్వనంటే బలవంతం లేదు. ఏదైనా ఇవాళే చెప్పాలి. రేపట్నుంచి మెట్లకి పునాది తవ్వుతున్నాం."

మామగారు తన చేతులకేసి చూసుకున్నాడు. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని నాని గీతలు చెరిగిపోయిన చేతులవి.

"గోడ కుంగిందని చెప్పిన రోజు నేను నానా రభసా చేశాను," అన్నాడు. "నిన్ను అనరాని మాటలన్నాను. కానీ అమ్మాయ్, లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాను. నీ మొహం చూసి ఆ మాట అనలేక, నీతో మాట్లాడటమే మానేశాను. ముప్ఫయ్యేళ్ళుగా తడి మోస్తున్నాను. ఈ లాడ్జీలో ఆవిరి లేదు, మిషన్ల మోత లేదు. హాయిగా నిద్రపట్టింది. ఇల్లు దానంతటది పోతే నా తప్పు ఉండదు కదా అనుకున్నాను."

అత్తగారు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇన్నేళ్ళలో ఆ మాట నాతో అనకూడదూ?"

"ఎలా అంటానే? నువ్వు దుప్పట్లు దులుపుతూ పాటలు పాడుకునేదానివి. నీ ప్రాణమంతా అందులోనే ఉందనుకున్నాను."

"ఏం చెయ్యమంటారు మరి," అంది అత్తగారు. "పాడకపోతే ఏడుపొచ్చేది."

మామగారు ఆవిడకేసి నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఆవిడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా. ఒకరికోసం ఒకరు అన్నేళ్ళు చాకిరీ చేశామని తెలిసి, పెళ్ళయిన కొత్తలో కూడా నవ్వనంతగా నవ్వుకున్నారు ఆ ఇద్దరూ. వాళ్ళని చూస్తే కోడలికి కూడా నవ్వు ఆగలేదు. నెలల తరబడి ఎవరికోసం పోట్లాడిందో, వాళ్ళకే అక్కర్లేదట. కోపం రావాల్సింది, రాలేదు. బరువు తనకీ దిగినట్టే ఉంది.

చీఫింజనీరు కూడా నవ్వి, పెన్ను మూత తీశాడు. "అయితే నేను పెట్టెయ్యనా?"

అప్పుడు కోడలికి ఎందుకో భర్త గుర్తొచ్చాడు.

అతను తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. అందరిలోకీ అతనొక్కడే నవ్వడం లేదు. కంచె దగ్గర నుంచి వచ్చేటప్పుడు తాడు మీది దుప్పట్లన్నీ తీసి తెచ్చాడు, అవి మడతలు పెట్టి రెండు చేతుల్లో ఉన్నాయి. హాస్టలుకి అప్పగించడానికి కాబోలు, అంచుకి అంచు సరిగ్గా కలిపి ఉన్నాయి.

"నువ్వేమంటావు?" అంది.

నవ్వుతున్న ఇద్దరూ ఆగిపోయారు. మామగారు కొడుకు వైపు తిరిగాడు, ఈ గదిలో అతనొకడున్నాడని అప్పుడే తెలిసినట్టు.

"అడిగేవాళ్ళు ఎవరైనా ఉంటారేమోనని చూస్తున్నాను," అన్నాడు అతను. గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది ఆమెకు.

దుప్పట్లు తెచ్చి తల్లి చేతుల్లో పెట్టాడు. కుర్చీ లాక్కుని తండ్రి పక్కన కూర్చున్నాడు. చీఫింజనీరు చేతిలోని పెన్ను కిందనుంచి కాగితాన్ని తనవైపు జరుపుకుని, మొదటి అక్షరం నుంచీ చదవడం మొదలుపెట్టాడు.